ఈత

ఊట్కూరు పశువుల దవాఖాన్ల
కిటికీ పక్క బల్ల మీద ఒక పాత సూక్ష్మదర్శిని.
దాని కింద చుక్క పెట్టి చూసిన మొదటి రోజు
నారాయణపేట బస్టాండ్ గుర్తొచ్చింది,
జాతర నాటి ఆఖరి బస్సు:
తలుపు ఒక్కటే, తోసుకొచ్చేది ఊర్లకు ఊర్లు.
"కదలిక బాగున్నది" అని రిజిస్టర్ల రాసి
చేతులు కడుక్కొని చాయ తాగిన.

ఆ యేడు బీరవ్వ మంద
కందికొయ్యల్ల దిగింది,
రాత్రికి రెండు కుంచాల జొన్నలకు ఒప్పందం.
నూటిరవై నల్లగొర్రెలు, రెండు పొట్టేళ్లు.
పెద్దదాని పేరు గండోడు.
కొమ్ములు రెండు చుట్లు తిరిగి చెవుల కింద ఆగినయి.
తొడల నడుమ బరువును టేపు పెట్టి కొలిచిన,
ముప్పై నాలుగు సెంటీమీటర్లు.
"ఏం కొలుస్తవ్ సారూ, బంగారమా?"
పోటీ ఎక్కువున్న జాతికి గిడ్డంగి పెద్దగుంటదవ్వా,
గొరిల్లా కొండంత ఉన్నా దానివి చిన్నవే,
ఎదురొచ్చేటోడు లేడు గనక, అన్న.
కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.
"మీ చదువులల్ల గివ్వి గూడ ఉంటయా!"

రెండోది ఎర్రది. రెండు పండ్ల వయసు.
నల్గొండ దిక్కు సంతల మేకల బేరంతోపాటు వచ్చిందట.
కొమ్ములు నా బొటనవేలంత.
ఎవరితోనూ తగాదా లేదు.

పక్క మంద పొట్టేలు గట్టు దాటొచ్చిన నాడు
గండోడు పదడుగులు వెనక్కి పోయి ఉరికిండు.
ధన్!
రెండు చేల అవతల కొంగలు లేచినయి.
మల్ల పదడుగులు. మల్ల ధన్.
ఆ దుమ్ముల ఎర్రోడు
మేస్తున్నట్టే తల వంచుకొని
మేస్తున్నట్టే నడుచుకుంట
అవతలి అంచుకు పోయిండు.
నేను బీడీ అంటించేలోపు అయిపోయింది.

గెలిచి వచ్చిన గండోడు వాసన చూసిండు.
పెదవి పైకెత్తి
ఆకాశాన్నేదో అడిగినట్టు నిలబడ్డడు.
తర్వాత ఆ ఒక్క గొర్రెనే
పొద్దుగూకేదాకా దాటిండు, దాటిండు,
మేత ముట్టలేదు.

కోయిల్‌సాగర్ కాలువ మీద తూనీగలనూ చూసిన నేను.
మగదానికి తోక దగ్గరొక చిన్న కొక్కెం,
ముందటోడు దాచిపోయినదాన్ని ఊడ్చి పారేస్తది,
ఆనక గుడ్లు పెట్టేదాకా ఆమె మెడ వదలదు.
ప్రేమ అనుకొని ఫోటోలు తీస్తరు పిల్లలు.

నా బండి వెనుక నత్రజని డబ్బా.
సన్నటి గొట్టాలల్ల గడ్డకట్టిన ఎద్దులు,
రంకె లేదు, కాలు దువ్వుడు లేదు.
ఈ మండలంల ఎక్కువ దూడలకు తండ్రివి నువ్వేనని
హోటల్ కాడ ఎకసెక్కాలు.
నవ్వుత. ఇంటికి పోయి
మా ఇంటామెకు చెప్పను.

అయిదు నెలలకు, ముసురు పట్టిన రాత్రి
బీరవ్వ మనిషిని పంపింది.
గొంగడి గూడు కింద ఆ గొర్రె ఈనింది.
లాంతరు దగ్గరికి జరిపితే
ఒక పిల్ల నల్లది,
ఇంకొకటి ఎర్రది, నుదుట తడి ఇంకా ఆరలేదు.

ఇద్దరు తండ్రులవ్వా, ఒక్కటే కడుపు.
ఈదేదానికీ ఈనేదానికీ మన భాషల
ఒక్కటే మాట చూడు, ఈత.
చీకట్ల ఈదిన ఈత ఇది,
బస్సు ఒకటి, వందల మంది, తలుపు ఒకటి,
ఇద్దరు ఎక్కిండ్రు, అని
పాఠం చెప్పినట్టు చెప్పిన.

ఆమె పిల్లల ముక్కులు తుడుస్తనే ఉంది.
"తలుపు గడియ లోపలి దిక్కు ఉంటది కద సారూ?"

రిజిస్టర్ల గొర్రెకు గడి లేదు.
పొట్టేలు రంగు, వయసు, చుట్టుకొలత, కదలిక.
ముప్పై ఏండ్లు నింపిన.

బయట వాన తగ్గింది.
గండోడు చెట్టుకు కట్టేసి ఉన్నడు.
ఎర్రోడు మాత్రం
తడిసిన గడ్డిల తల వంచుకొని,
మేస్తున్నట్టే.